సర్వర్‌కు పేరు కాదు, పని రాయండి

మార్చి వచ్చిందంటే మన తిరుపతిలో కాలేజీలకు, ఆఫీసులకు ఒకటే టెన్షన్. 31వ తేదీలోగా గ్రాంటు ఖర్చు పెట్టాలి, లేదంటే నిధులు వెనక్కి పోతాయి. ఆ హడావుడిలో ఎవరో సర్వర్ కావాలని ఇండెంట్ పెడతారు. ఐదేళ్ల కిందటి టెండర్ కాగితం బయటికి తీస్తారు. తేదీ మారుస్తారు, ర్యామ్ రెట్టింపు చేస్తారు. ఫలానా కంపెనీ ప్రాసెసర్, ఇన్ని కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), ఇన్ని గిగాహెర్ట్జ్ వేగం అన్న వరుసను మాత్రం ముట్టుకోకుండా పంపేస్తారు. ఆ మెషీన్ మీద ఏం నడపబోతున్నారో, ఒకేసారి ఎంతమంది దాని మీద పడతారో ఆ కాగితంలో ఎక్కడా కనిపించదు. సర్వర్ ప్రాసెసర్లలో ఇవాళ అసలైన పోటీ ఉంది. ప్రజల సొమ్ముతో కొనేవాళ్లు ఆ పోటీ వల్ల వచ్చే లాభాన్ని చేజేతులా వదులుకుంటున్నారన్నదే మా బాధ.

ఇన్నేళ్లు ఆ ఒక్క వరుసే చెల్లడానికి కారణం లేకపోలేదు. 1978లో ఇంటెల్ తెచ్చిన 8086 చిప్‌తో మొదలైన, ఒకే రకం ఆదేశాలు అర్థం చేసుకునే ఎక్స్86 ప్రాసెసర్ల కుటుంబమే మన బల్ల మీది కంప్యూటర్లలో, ఆ తర్వాత సర్వర్లలో పాతుకుపోయింది. దాన్ని పక్కన పెట్టాలని ఇంటెలే ఒకసారి ప్రయత్నించింది. 2001లో ఇటానియమ్ పేరుతో పూర్తిగా కొత్త నిర్మాణాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. పాత ప్రోగ్రాములు దాని మీద నత్తనడక నడిచాయి. 2003లో ఏఎండీ తన ఆప్టెరాన్‌తో పాత ప్రోగ్రాములనూ చెడకుండా నడిపిస్తూ ఎక్కువ మెమరీ వాడుకోగల 64 బిట్ల ప్రాసెసర్లకు దారి చూపింది. జనం అటే వెళ్లారు, చివరికి ఇంటెల్ కూడా అదే బాట పట్టింది. ఇటానియమ్ సరఫరా 2021లో ఆగిపోయింది. కాగితం మీద ఎంత గొప్ప చిప్ అయినా, మన దగ్గరున్న సాఫ్ట్‌వేర్ దాని మీద నడవకపోతే కొన్నవాడికి మిగిలేది ఇనుప డబ్బానే.

ఆర్మ్ కథ వేరు. 1985లో కేంబ్రిడ్జ్‌లోని ఏకార్న్ అనే చిన్న కంపెనీ తన కంప్యూటర్ల కోసం చేసుకున్న చిప్ అది. తర్వాత మన జేబుల్లోని ఫోన్లకు దాదాపు అన్నిటికీ పాకింది. 2018లో అమెజాన్ తన క్లౌడ్ (ఇంటర్నెట్ మీదుగా అద్దెకిచ్చే కంప్యూటర్లు) కోసం గ్రావిటన్ పేరుతో సొంత ఆర్మ్ ప్రాసెసర్ దించాక సర్వర్ల లెక్క మారింది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ కోబాల్ట్, గూగుల్ యాక్సియన్ వచ్చాయి. 2020 జూన్‌లో ప్రపంచంలోనే వేగవంతమైన సూపర్ కంప్యూటర్‌గా నిలిచిన జపాన్ ఫుగాకు నడిచేది ఆర్మ్ మీదే. ఎక్స్86 వాళ్లూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2024లో ఇంటెల్ 144 కోర్ల చిప్‌ను, ఏఎండీ 192 కోర్ల చిప్‌ను తెచ్చాయి. దశాబ్దాలుగా ఒకరినొకరు కోర్టులకీడ్చుకున్న ఈ రెండు కంపెనీలు అదే ఏడాది అక్టోబర్‌లో ఎక్స్86ను కాపాడుకోవడానికి ఒక సలహా బృందంగా ఏకమయ్యాయంటే పోటీ ఎంత దూరం వచ్చిందో అర్థమవుతుంది.

మరి ఏది మేలు? ఆర్మ్ అంటేనే కరెంటు ఆదా అని సేల్స్ వాళ్లు చెబుతారు. అది సగం నిజం. ఆర్మ్ 64 బిట్ ఆదేశం ప్రతిదీ 4 బైట్లే. ఎక్స్86లో ఒక్కో ఆదేశం 1 బైటు నుంచి 15 బైట్ల దాకా ఉండొచ్చు, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోవడానికి అదనపు సర్క్యూట్లు కావాలి. కానీ ఇవాళ్టి పెద్ద కోర్‌లో ఆ భాగం చిన్నదే. కరెంటు ఎంత తాగుతుందన్నది చిప్‌ను ఏ ఫ్యాక్టరీ పద్ధతిలో చేశారు, ఎంత వేగంతో పరిగెత్తిస్తున్నారు, ఎన్ని కోర్లు పెట్టారు అన్నవాటి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. కాబట్టి కుటుంబం పేరు చూసి తీర్పు చెప్పలేం. మెషీన్‌ను మన పని మీద నడిపి చూడాల్సిందే.

కోర్ల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే ఎక్స్86 మెషీన్లలో చాలావాటికి ఒక వీసీపీయూ (అద్దె లెక్కలో ఒక ప్రాసెసర్) అంటే పూర్తి కోర్ కాదు, ఒకే కోర్‌ను ఇద్దరికి పంచితే వచ్చే వాటా. గ్రావిటన్ లాంటి ఆర్మ్ మెషీన్లలో ఒక వీసీపీయూ అంటే ఒక పూర్తి కోర్. రెండు చోట్లా 8 అనే రాసి ఉన్నా అవి సమానం కావు. మామూలు రోజుల్లో ఈ తేడా తెలియదు. పరీక్ష ఫలితాలు వదిలిన గంటలో తెలుస్తుంది. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా విడుదలయ్యే ఉదయం ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఆ రద్దీ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అలాంటి వేళ సగటు వేగంతో పనిలేదు. నూటికి ఒకరికి పేజీ ఎంత ఆలస్యంగా తెరుచుకుందన్నదే చూడాలి, ఎందుకంటే లక్ష మందిలో ఆ ఒక్క శాతం అంటే వెయ్యి మంది.

మా అనుభవం కూడా చెబుతాం. ఈ-పేపర్ పేజీల బొమ్మలు తయారుచేసే పనిని మేం ఆమధ్య క్లౌడ్‌లో ఒక ఆర్మ్ మెషీన్‌కు మార్చాలనుకున్నాం. మొదటి రాత్రి తెర మీద ఒకే ఒక్క వరుస వచ్చి ఆగిపోయింది: ఎగ్జెక్ ఫార్మాట్ ఎరర్. ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్స్86 కోసం కట్టిన ప్యాకేజీని అలాగే అక్కడికి ఎక్కించాం, దాని భాష దీనికి తెలియదు. ఆర్మ్ కోసం మళ్లీ కడితే ఆ పని చక్కగా నడిచింది. ఆ తర్వాత అసలు చిక్కు వచ్చింది. యూనికోడ్ రాకముందు నాటి తెలుగు ఫాంట్లలో ఉన్న మా పాత సంచికలను మార్చే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది. దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్ రాసిన అసలు ప్రతి, మా దగ్గర లేదు, రాసిచ్చిన వాళ్ల జాడ లేదు, ఉన్న ఫైలు ఎక్స్86 మీదే నడుస్తుంది. అందుకే ఆ ఒక్క పనిని పాత మెషీన్‌లోనే ఉంచి, మిగతాది మార్చుకున్నాం. ఇలాంటి దిక్కులేని ఫైలు ప్రతి యూనివర్సిటీ పరీక్షల విభాగంలో, ప్రతి లైబ్రరీలో ఒకటైనా ఉంటుంది. టెండర్ రాసేముందు దాన్ని వెతికి పట్టుకోవాలి.

ఇంతకంటే లోతైన ఇబ్బంది ఇంకోటుంది, మన కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు తప్పక తెలుసుకోవాల్సింది. హోటల్‌లో వంటమనిషి ఇడ్లీ పార్సిల్ కట్టి, ఆ తర్వాత గంట కొడతాడు. గంట విని వడ్డించేవాడు వచ్చి పార్సిల్ తీసుకెళతాడు. ఎక్స్86లో ఒక కోర్ ఈ రెండు పనులను ఏ వరుసలో చేస్తే మిగతా కోర్లకు అదే వరుసలో కనిపిస్తాయి. ఆర్మ్‌లో, ప్రోగ్రామర్ ప్రత్యేకంగా కట్టడి చేయకపోతే, పార్సిల్ కంటే ముందే గంట వినిపించే వీలుంది. ఆ కట్టడి రాయకుండా వదిలేసిన ప్రోగ్రామ్ ఎక్స్86 మీద పదేళ్లు సాఫీగా నడిచి, ఆర్మ్ మీద పది రోజులకోసారి తప్పు లెక్క చూపొచ్చు. తప్పు చిప్‌ది కాదు, మొదటి నుంచీ కోడ్‌లోనే ఉంది. రెండు రకాల మెషీన్లూ ల్యాబ్‌లో ఉంటేనే పిల్లలు ఇది కళ్లారా చూస్తారు.

కరెంటు సంగతి మన ఊరికి చిన్నది కాదు. మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటే చోట, పాత తరగతి గదికి రెండు స్ప్లిట్ ఏసీలు బిగించి సర్వర్ రూమ్ అంటున్నాం. సర్వర్ తాగిన ప్రతి వాటూ వేడిగా బయటికి వస్తుంది, ఆ వేడిని తోడడానికి ఏసీ మళ్లీ కరెంటు తాగుతుంది. 500 వాట్లతో ఏడాది పొడవునా నడిచే మెషీన్ ఖర్చు 4,380 యూనిట్లు. అదే పని 300 వాట్లలో అయితే 2,628. ఐదేళ్లకు తేడా 8,760 యూనిట్లు, అదీ ఏసీ బిల్లు కలపకుండా. బ్రోచర్‌లో ముద్రించిన వాట్లను నమ్మొద్దు, పని నడుస్తుండగా ప్లగ్ దగ్గర మీటర్ పెట్టి కొలవాలి. లైసెన్సుల లెక్కా ఇలాగే మోసం చేస్తుంది. విండోస్ సర్వర్ లాంటివాటికి కోర్ల చొప్పున చెల్లించాలి, ఒక్కో మెషీన్‌కు కనీసం 16 కోర్లకు కట్టాల్సిందే. చవగ్గా వచ్చిందని 64 కోర్ల మెషీన్ కొని, ఆనక లైసెన్స్ బిల్లు చూసి గుండెలు బాదుకుంటే లాభం లేదు.

మూడో దారి రిస్క్-ఫైవ్. 2010లో బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టిన ఈ ఆదేశాల పట్టికను ఎవరైనా లైసెన్స్ రుసుము లేకుండా వాడుకోవచ్చు. పక్కనే ఉన్న ఐఐటీ మద్రాస్‌లో దీని మీదే శక్తి ప్రాసెసర్లు తయారయ్యాయి. కేంద్రం 2022లో డీఐఆర్-వీ (డిజిటల్ ఇండియా రిస్క్-ఫైవ్) కార్యక్రమం మొదలుపెట్టింది. పెద్ద సర్వర్లలో రిస్క్-ఫైవ్ ఇంకా ఎక్స్86కూ ఆర్మ్‌కూ సాటి రాదు, ఫలితాల వెబ్‌సైట్‌ను ఇవాళే దాని మీద పెట్టమని మేం చెప్పం. కానీ ఏర్పేడు ఐఐటీ నుంచి పద్మావతి మహిళా యూనివర్సిటీ దాకా మన విద్యార్థులు ప్రాసెసర్ లోపలి గుట్టు విప్పి చూసుకోవడానికి ఇంతకంటే మంచి వస్తువు లేదు.

కొండెక్కే బస్సుకూ చెన్నై వెళ్లే బస్సుకూ తేడా ఏమిటో మన డిపోల్లో ఎవరినడిగినా చెబుతారు. మలుపులెన్ని, ఎత్తెంత, మనుషులెంతమంది అని చూసి బస్సు పంపుతారు. సర్వర్‌కూ అదే పద్ధతి కావాలి. కేంద్ర ప్రభుత్వ 2017 సాధారణ ఆర్థిక నియమావళి కూడా కొనే వస్తువు వివరణ పనితీరు ఆధారంగా, కొలవగలిగేలా ఉండాలనీ, ఫలానా బ్రాండే కావాలన్నట్టు ఉండకూడదనీ చెబుతోంది. కొనేముందు రెండు రకాల మెషీన్లను క్లౌడ్‌లో గంటల లెక్కన అద్దెకు తీసుకుని, పోయినేడాది ఫలితాల రోజు నాటి రద్దీని వాటి మీద మళ్లీ నడిపి చూడొచ్చు. అమెజాన్ క్లౌడ్ 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. ఆ పరీక్షను ఎంటెక్ విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇచ్చి, వచ్చిన కొలతలను కాలేజీ వెబ్‌సైట్‌లో పెడితే జిల్లాలోని చిన్న కాలేజీలూ వాడుకుంటాయి.

ఈసారి ఇండెంట్ మీద సంతకం పెట్టే కమిటీలను మేం కోరేది ఇదే. ఫలితాలు వదిలిన మొదటి గంటలో ఎన్ని వేల మంది వస్తారు, నూటికి 99 మందికి ఎన్ని సెకన్లలో మార్కులు కనబడాలి, ఐదేళ్లకు కరెంటూ లైసెన్సులూ కలిపి ఎంత దాటకూడదు అన్నవి టెండర్ మొదటి పేజీలో రాయండి. ప్రాసెసర్ పేరు రాసే గడిని ఖాళీగా వదలండి, దాన్ని బిడ్ వేసేవాళ్లు నింపుతారు.