అవసరం లేని మనిషితో మన నోరు ఎలా మాట్లాడుతుంది?

విశ్వాసి గుణాన్ని అతని ప్రార్థన కంటే, ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అతడు మాట్లాడే మాటలే ఎక్కువగా బయటపెడతాయని నేను గట్టిగా నమ్ముతాను. "హృదయమందు నిండియుండు దానినిబట్టి నోరు మాటలాడును గదా" అని పరిసయ్యులనే యూదు మతనిష్ఠాపరులతో అన్న యేసు ప్రభువు, ఆ వెంటనే విమర్శ దినమున, అంటే తీర్పు రోజున, లెక్క చెప్పవలసిన మాటల సంగతి ఎత్తారు. అక్కడ ఆయన ప్రస్తావించినవి పలికే ముందు మనం సరిచూసుకునే మాటలు కావు, వ్యర్థమైన ప్రతి మాట. కొన్నేళ్లు సంఘానికి వెళ్లిన ఎవరికైనా "కృపగల తండ్రీ" అని మొదలుపెట్టి పది నిమిషాలు తడబడకుండా ప్రార్థించడం అలవడుతుంది. కావలి లేనప్పుడు జారే మాటకు మాత్రం అలాంటి అభ్యాసం ఉండదు.

మా హనుమకొండ, కాజీపేట వైపు సంఘాల్లో నేను తరచుగా చూసేది ఒకటి చెబుతాను. ఆదివారం పొద్దున్నే ఒక పెద్దామె వచ్చి, మందిరం ఊడ్చి, జంపఖానాలు దులిపి పరుస్తూ ఉంటుంది. సంఘ పెద్ద ఒకరు లోపలికి వస్తూనే, "ఏయ్, ఇంకా పరుస్తనే ఉన్నవా? జల్దీ కానియ్" అంటారు. అంతలో కారు దిగి వచ్చిన ఒక పెద్దమనిషిని చూడగానే ఆయన గొంతే మారిపోతుంది: "రండి సార్, ముందుకు రండి, ఇక్కడ కూర్చోండి." ఈ రెండు మాటల మధ్య ఒక్క నిమిషం కూడా గడవదు. నాలుక గురించి ప్రసంగించేవారు అందరూ బైబిల్లో యాకోబు పత్రిక, అంటే యాకోబు సంఘాలకు రాసిన లేఖ, మూడో అధ్యాయం తెరుస్తారు. గుర్రపు కళ్లెం, ఓడ చుక్కాని, అడవిని తగలబెట్టే నిప్పు అన్నీ వివరిస్తారు. దాని ముందున్న రెండో అధ్యాయాన్ని మాత్రం త్వరగా దాటేస్తారు. ప్రశస్త వస్త్రాలు వేసుకున్నవానికి "నీవిక్కడ మంచి స్థలమందు కూర్చుండుము" అని, దరిద్రునికి "నీవక్కడ నిలువుము" అని చెప్పిన నోరు అక్కడే ఉంది. ఆ సంఘం ఎలాంటిదో చెప్పడానికి యాకోబుకు ఆ రెండు వాక్యాలే సరిపోయాయి.

ఇంతకంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది ప్రార్థన మనవి పేరుతో సాగే కొండెము. శుక్రవారం ఉపవాస కూడికలో ఒకరు గొంతు తగ్గించి, "పేరు చెప్పను గానీ, మన సంఘంల ఒక ఇంట్ల భార్యాభర్తలు మంచిగ లేరట, పిల్ల పుట్టింటికి పోయిందట, జెర ప్రార్థన చేయుండ్రి" అంటారు. పేరు చెప్పకపోయినా ఆ ఇల్లు ఏదో గదిలో అందరికీ తెలిసిపోతుంది. చాయ్ వచ్చేసరికి మిగతా వివరాలు కూడా బయటికి వస్తాయి, సాయంత్రానికి ఆ కబురు వాట్సాప్‌కు ఎక్కుతుంది. ఆ పిల్ల కోసం నిజంగా కన్నీళ్లు పెట్టేవారు ఆ ఇంటికి వెళ్లి ఆమె పక్కన కూర్చుంటారు, లేదా తమ గదిలో తలుపు వేసుకుని మోకరిస్తారు. దేవునికి విన్నవించే ముందే నలుగురికి వినిపించాలన్న ఆత్రం ఎక్కడ ఉందో, అక్కడ ప్రేమ లేదని చెప్పడానికి నేను వెనుకాడను.

కింది వారిని చులకన చేసే నోరే పైవారి ముందు ముఖస్తుతికి దిగుతుంది. ఈ రెంటికీ లొంగని మాట ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మనం దూరం వెళ్లనక్కరలేదు, డోర్నకల్ వైపు చూస్తే చాలు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో అక్కడికి సేవకు వచ్చారు, 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘ సంప్రదాయపు) బిషప్ అయ్యారు. ఈ మధ్యలో, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, ఎక్కువగా పాశ్చాత్య మిషనరీలే ఉన్న సభ ముందు ఆయన మాట్లాడారు. మీరు బీదల పోషణకు మీ ఆస్తినిచ్చారు, కాల్చబడుటకు మీ శరీరాలనూ ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాము, మాకు స్నేహితులను ఇవ్వండి అని ఆయన అన్నారు. వారి త్యాగాన్ని కాదనలేదు, వారి దొరతనాన్ని మెచ్చుకోలేదు. అప్పటికి ఆయన బిషప్ కూడా కాదు. అయినా ఆ మాటల్లో కోపం గానీ బతిమాలుడు గానీ కనబడవు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన తెలంగాణ మాట మొరటు, కాబట్టి మనం అందరితో అలాగే మాట్లాడతామని కొందరు సమర్థించుకుంటారు. ఇది మన యాసకు అన్యాయం చేయడమే. "అవ్వా, ఇగ చాలు, జెర కూసో" అన్నది కూడా ఈ యాసే, అందులో ఎంత ఆదరణ ఉంది! ప్రధానయాజకుని ఇంటి ముంగిట, యేసును ఎరుగనని బొంకిన శిష్యుడు పేతురుతో అక్కడివారు "నీ పలుకు నిన్నుగూర్చి సాక్ష్యమిచ్చుచున్నది" అన్నప్పుడు ఆయన గలిలయ యాస నిజమే చెప్పింది, అబద్ధమాడింది ఆ యాసలో ఆయన పలికిన మాట. యాసకు గుణం అంటగట్టడం మానేసి, ఆ యాసలో మనం ఎవరిని ఏమని పిలుస్తున్నామో చూసుకోవాలి.

సంఘాన్ని నడిపించే అధ్యక్షుడు సంఘమునకు వెలుపటివారిచేత మంచి సాక్ష్యము పొందినవాడై యుండవలెనని పౌలు తిమోతికి రాశాడు. మన సంఘాల్లో కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు దశమభాగం లెక్కలు చూస్తాము, ప్రసంగ సామర్థ్యం చూస్తాము, బంధుబలం కూడా చూస్తాము. పేరు ఖాయం చేసే ముందు ఆ అభ్యర్థి ఎక్కే ఆటో డ్రైవర్‌ను, కూరగాయలు కొనే చోట గంప ముందు కూర్చున్న అమ్మను, మందిరంలో జంపఖానాలు పరిచే ఆ పెద్దామెను "ఆయన మీతో ఎట్ల మాట్లాడతడు?" అని అడగాలని నా మనవి.