హైడ్రోజన్ మాట సరే, కంబస్టర్ సంగతేమిటి?

సిలిండర్ వాడుతున్న ఇంటికి పైపు గ్యాస్ వస్తే మెకానిక్ ముందుగా పొయ్యి జెట్లు మారుస్తాడు. గిన్నె అదే, వంట అదే. కానీ ఎల్‌పీజీ కోసం వేసిన రంధ్రం పైపు గ్యాస్‌లో ఉండే మీథేన్‌కు సరిపోదు. రెండు బర్నర్ల పొయ్యికే ఇంత పట్టింపు ఉంటే, వందల మెగావాట్ల గ్యాస్ టర్బైన్‌కు ఎంత ఉండాలి? గోదావరి జిల్లాల్లో గ్యాస్ లేక ఆగిన విద్యుత్ ప్లాంట్లను గ్రీన్ హైడ్రోజన్‌తో, అంటే సౌర, పవన విద్యుత్తుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్‌తో, మళ్లీ నడపొచ్చనేవారిని మేము అడిగేది ఇదే.

ఆ ఆశ వెనుక ఉన్న బాధ చిన్నది కాదు. 2009 ఏప్రిల్‌లో కృష్ణా-గోదావరి తీరానికి ఆవల సముద్రంలోని కేజీ-డి6 క్షేత్రం నుంచి గ్యాస్ మొదలైంది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లి, అక్కడి నుంచి పడిపోయింది. 2013 నాటికి ఆ క్షేత్రం నుంచి విద్యుత్ ప్లాంట్లకు సరఫరా నిలిచిపోయింది. వేమగిరి, జేగురుపాడు, కోనసీమ ప్లాంట్లకు గండం వచ్చిపడింది. సామర్లకోటలో 2,400 మెగావాట్ల కోసం తెచ్చిన యంత్రాల్లో కొన్ని చివరికి బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్‌కు తరలిపోయాయి. మంగళూరు దగ్గర తన్నీర్‌బావిలో నాఫ్తాతో నడిచిన 220 మెగావాట్ల, నీటిపై తేలే ప్లాంటును కాకినాడకు తెచ్చి గ్యాస్‌కు మార్చారు. యంత్రం మారింది, గ్యాస్ మాత్రం నిలవలేదు. దేశీయ గ్యాస్ అందక చిక్కుకుపోయిన సామర్థ్యం 14,305 మెగావాట్లని 2015లో కేంద్రమే లెక్క చెప్పింది. అందులో పెద్ద వాటా మనది.

ఇంధనం వస్తుందన్న మాట నమ్మి ముందు యంత్రం కొన్నాం. ఇప్పుడు హైడ్రోజన్ విషయంలోనూ అదే వరస మొదలవుతోందన్నది మా ఆందోళన.

టర్బైన్‌లో గ్యాస్ మండే గదిని కంబస్టర్ అంటారు. నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ పుట్టకుండా ఈ కాలపు టర్బైన్లలో గ్యాస్‌ను ఎక్కువ గాలితో ముందే కలిపి, పలచటి మిశ్రమంగా లోపలికి పంపుతారు. మీథేన్‌తో ఇది కుదురుగా సాగుతుంది. హైడ్రోజన్ మంట దానికంటే ఐదు రెట్లకు పైగా వేగంగా పాకుతుంది. పాళ్లు పెరిగితే మంట తన చోట నిలబడక వెనక్కి, గాలీ గ్యాసూ కలిసే గొట్టంలోకే దూకుతుంది. అలాంటి వేడికి తయారుకాని ఆ లోహం కాలిపోతుంది. పైగా ఘనపు మీటరు లెక్కన హైడ్రోజన్‌లో ఉండే వేడి మీథేన్‌లో మూడో వంతే. అంటే అదే కరెంటుకు మూడింతల గ్యాస్ తోయాలి. పైపులు, వాల్వులు, సీళ్లు అన్నీ మళ్లీ చూసుకోవాలి.

అమ్మోనియాది ఇందుకు తలకిందుల కథ. అది అంటుకోవడమే కష్టం, అంటుకున్నా మెల్లగా మండుతుంది. దానిలోనే నైట్రోజన్ ఉంది కాబట్టి నైట్రోజన్ ఆక్సైడ్లతో పాటు, కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లకు పైగా భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్ కూడా పుట్టొచ్చు. జపాన్‌కు చెందిన ఐహెచ్ఐ కంపెనీ 2022లో 2 మెగావాట్ల టర్బైన్‌ను పూర్తిగా అమ్మోనియాతో నడిపి, భూమిని వేడెక్కించే ఉద్గారాలను దాదాపు లేకుండా చేయగలిగింది. గొప్ప పని. కానీ అది 2 మెగావాట్లు.

ఇవన్నీ అసాధ్యాలని మేము అనడం లేదు. దక్షిణ కొరియాలోని దేసాన్‌లో 70 శాతానికి మించి హైడ్రోజన్ ఉన్న గ్యాస్‌తో ఒక టర్బైన్ 1990ల చివరి నుంచి నడిచింది. జపాన్‌లోని కిమిత్సులో సహజ వాయువులో పదో వంతు వేడి మాత్రమే ఉన్న, ఇనుము తీసే కొలిమి నుంచి వచ్చే బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌తో పెద్ద టర్బైన్లు తిరుగుతున్నాయి. ఈ రెండింటిలో ఒక పోలిక ఉంది. ఆ గ్యాస్ రిఫైనరీలోనో ఉక్కు ఫ్యాక్టరీలోనో వేరే పని చేస్తుండగా ఎలాగూ పుట్టేదే. దాని గుణం తెలుసుకుని, దానికి తగ్గ కంబస్టర్ చేయించుకున్నారు.

కరెంటు పెట్టి హైడ్రోజన్ తయారుచేసి, దాన్ని కాల్చి మళ్లీ కరెంటు తీయడం వేరే లెక్క. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కావాలి. టర్బైన్ నుంచి బయటికి పోయే వేడితోనూ కరెంటు తీసే మంచి కంబైన్డ్ సైకిల్ ప్లాంటులో కాల్చినా తిరిగి వచ్చేది 18 యూనిట్ల దగ్గర. కిలో రూ.300కు దొరుకుతుందనుకున్నా ఇంధనం ఖర్చే యూనిట్‌కు రూ.16 దాటుతుంది. 30 శాతం హైడ్రోజన్ కలిపామంటే వినడానికి ఘనంగా ఉంటుంది. కానీ ఆ 30 శాతం ఘనపరిమాణంలో. కార్బన్ డయాక్సైడ్ తగ్గేది 11 శాతం మాత్రమే. ప్రాజెక్టు నివేదికల్లో మొదటి అంకె పక్కనే రెండోదీ రాయాలి.

ఎండా గాలీ లేని రాత్రుల్లో గ్రిడ్‌ను కాచుకోవడానికి గ్యాస్ టర్బైన్లు కావాలి, వాటిని తుక్కు కింద అమ్ముకోవద్దు. అయితే ఇక్కడ తయారయ్యే హైడ్రోజన్, అమ్మోనియా ముందుగా వెళ్లాల్సింది ఎరువుల ఫ్యాక్టరీలకు, రిఫైనరీలకు. అక్కడ అది ముడిసరుకు, దానికి ఇంకో దారి లేదు. మనకు విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ, రిఫైనరీ ఉన్నాయి. గ్యాస్ టర్బైన్లు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ భెల్ హైదరాబాద్ దగ్గరి రామచంద్రాపురంలో ఉంది. తిరుచ్చిలో బొగ్గును గ్యాస్‌గా మార్చి 6.2 మెగావాట్ల ప్లాంటు నడిపిన అనుభవం అదే సంస్థకు ఉంది. విజయవాడలో ఆ పద్ధతిలోనే పెద్ద ప్లాంటు కడతామని ఒకప్పుడు ఒప్పందం కుదిరినా అది ముందుకు సాగలేదు. అక్కడ తెగిన దారాన్ని మళ్లీ పట్టుకోవాలి. విశాఖ ఫ్యాక్టరీల గ్యాస్‌తోనూ, హైడ్రోజన్ మిశ్రమాలతోనూ కంబస్టర్లను టర్బైన్‌లో ఉండే అసలు పీడనంలో పరీక్షించే కేంద్రాన్ని రెండు తెలుగు రాష్ట్రాలూ, భెల్ కలిసి పెట్టాలి. ఆగిన ప్లాంట్లలో ఏ టర్బైన్ ఎంత మిశ్రమం తట్టుకుంటుందో ఒక్కొక్కటిగా తేల్చి, ఆ నివేదికను విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణలో పెట్టాలి. అది జరిగేదాకా మార్పుల ఖర్చులో ఒక్క రూపాయి కూడా వినియోగదారుడి బిల్లులో చేర్చడానికి మండలి ఒప్పుకోకూడదు.