దయచేసి ఆ బకోలోద్ మెసేజ్ నాకు మళ్లీ పంపకండి

నిన్న రాత్రి మా పదో తరగతి గ్రూపులో మళ్లీ వచ్చింది. ఈ నెలలో ఇది అయిదోసారి. మొదట మా పెద్ద బావగారు పంపారు, తర్వాత అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, ఆ తర్వాత ఇద్దరు పాత సహోద్యోగులు. "ఏడుపు అంటే తెలియని ఒకే ఒక్క నగరం! ఫిలిప్పీన్స్‌లోని బకోలోద్ గురించి మీకు తెలియని ఏడు నిజాలు. పదిమందికి పంపండి." కింద ఈకల కిరీటం పెట్టుకుని పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న ముసుగు బొమ్మ, దాని పక్కన మూడు దణ్ణాలు.

ఆ ఊళ్లో నేను పద్నాలుగు నెలలు ఉన్నానని పంపినవాళ్లందరికీ తెలుసు. కాల్ సెంటర్‌లో చేరే పిల్లలకు శిక్షణ ఇవ్వడానికి మా కంపెనీ పంపింది. "నువ్వు చూసిన ఊరే కదా, ఇది నిజమేనా?" అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. "మీ ఊరి గురించి వచ్చింది చూడు" అని మాత్రం అన్నారు. చూశాను. ఇప్పుడు మీరు చూడండి.

మొదటి నిజమట: అక్కడ అక్టోబరులో జరిగే మాస్కారా ఉత్సవం పేరు మన 'నమస్కారం' నుంచి వచ్చింది, అది వేల ఏళ్ల నాటి హిందూ పండుగ. ఆ పండుగ మా పెద్దన్నయ్య కంటే రెండేళ్లు చిన్నది. 1980లో పుట్టింది. పేరు పెట్టింది ఎలీ శాంటియాగో అనే చిత్రకారుడు. జనసమూహాన్ని సూచించే ఇంగ్లీషు 'మాస్', ముఖం అనే అర్థమున్న స్పానిష్ 'కారా', ఈ రెండూ కలిపాడు. ముసుగును 'మాస్కరా' అనడం ఎలాగూ ఉంది కాబట్టి శ్లేష కూడా కుదిరింది. ముందున్న 'న' ఏ సముద్రంలో పడిపోయిందో మన పరిశోధకులు రాయలేదు.

అయితే ఇక్కడ ఒకటి ఒప్పుకుని తీరాలి. మనీలా వైపు మాట్లాడే తగాలోగ్ భాషలో ముఖాన్ని 'ముఖా' అనే అంటారు. గురువు 'గురో'. దేవత 'దివాతా'. ఇవన్నీ నిఖార్సయిన సంస్కృతం మాటలే, ఏనాడో సముద్రం దాటి వెళ్లినవి. అంటే నిజంగా మనదైన ముఖాన్ని వదిలేసి, మనది కాని ముసుగును పట్టుకుని వేలాడుతున్నారు ఈ మెసేజ్ రాసినవారు.

మూడోది తిండి. "కుక్కలను, పాములను తింటారు, శాకాహారి బతకలేడు." కుక్కను మాంసం కోసం చంపడాన్ని అక్కడి 1998 నాటి చట్టమే ఒప్పుకోదు. నాకు ఆ ఊళ్లో కుక్కలు కనిపించింది వీధుల్లో, అచ్చం మన కుక్కల్లాగే జీప్నీల వెంట, అంటే అక్కడి షేర్ బండ్ల వెంట పడుతూ. ఊరంతా గుప్పున వచ్చే వాసన కోడిది. కలమన్సి అనే చిన్న నిమ్మకాయల రసం, అల్లం, వెల్లుల్లి, నిమ్మగడ్డి, వెనిగర్ పట్టించి, బొగ్గుల మీద కాలుస్తూ జాఫ్రా గింజలు మరిగించిన నూనె పూస్తుంటారు. దాన్ని ఇనసాల్ అంటారు. అదే ఎర్రనూనె అన్నం మీద కూడా పోసుకుని చేత్తో కలుపుకుంటారు. మా అమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తే "ఆవకాయ నూనె కలుపుకుంటున్నట్టే ఉందిరా" అంది. అక్కడి ఇంటి వంటల్లో మరొకటి కందులు, పనసకాయ, పులుపు కోసం బత్వాన్ అనే కాయ వేసి చేసే కూర. కందులూ పనసా! నోరూరుతోంది కదూ? అందులో పంది మాంసం కూడా వేస్తారు. కాబట్టి శాకాహారి సంగతి మాత్రం ఈ మెసేజ్ రాసినవారు చెప్పిందే నిజం. మునగాకు, బెండకాయ, గుమ్మడికాయ వేసి చక్కగా కాచిన లస్వాలో కూడా అడుగున రొయ్య దాక్కుని ఉంటుంది. మా జట్టులో ఒకే ఒక్క శాకాహారి నెలల తరబడి పియాయా మీద బతికాడు. బెల్లంలాంటి ముడిచక్కెర లోపల పెట్టి, పైన నువ్వులు అద్ది, పెనం మీద కాల్చే రొట్టె అది. బొబ్బట్టుకు దూరపు చుట్టం అనుకోండి. నెయ్యి చూడని చుట్టం.

నాలుగోది: కరవోకే కనిపెట్టింది బకోలోద్‌వాళ్లే. కాదు. ఆ ఘనత జపాన్‌కు చెందిన డైసుకే ఇనోవేదా, పేటెంట్లు తీసుకున్న ఫిలిప్పీన్స్ వ్యాపారి రొబెర్టో దెల్ రొసారియోదా అని తగవు ఉంది కానీ, అందులో ఈ ఊరి పేరు లేదు. రాత్రి పదకొండు దాటినా పక్కింటివాళ్ల పాట ఆగకపోవడం మాత్రం నిజం. సాక్షిని నేనే.

అయిదోది: వాళ్లకు సొంత భాష లేదు, ఇంగ్లీషే మాట్లాడతారు. ఇది రాసినవారు అక్కడ ఒక్కసారి కూడా జీప్నీ ఎక్కలేదు. ఎదురెదురు బల్లల మీద మోకాళ్లు తగిలేలా కూర్చుంటాం. వెనక కూర్చున్నవారు 'పలిహోగ్' అంటూ, అంటే దయచేసి అంటూ, చిల్లర ముందుకు అందిస్తారు. అది నలుగురి చేతులు మారి డ్రైవరుకు చేరుతుంది, మిగిలిన చిల్లర అదే దారిలో వెనక్కి వస్తుంది. ఒక్క నాణెం తగ్గదు. మొదటి వారం నేను దిగవలసిన చోట 'స్టాప్, స్టాప్' అని అరిచాను. బండి ఆగలేదు. పక్కనున్న పెద్దావిడ నా అవస్థ చూసి, గొంతు పెంచకుండా, "లుగార్ లంగ్, నొంగ్" అంది. బండి ఆగింది. 'లుగార్ లంగ్' అంటే ఇక్కడ ఆపమని. 'నొంగ్' అంటే అన్న. అక్క అయితే 'నాంగ్', చిన్నపిల్లవాడు 'తోతో', ఆడపిల్ల 'ఇందాయ్'. కొత్తవారిని కూడా వరసపెట్టి పిలవడం మనకు చెప్పాలా? ఆ భాష పేరు హిలిగయ్‌నోన్. ఎంత మెత్తని భాషంటే, దానిలో తిట్టినా లాలించినట్టే ఉంటుందని మిగతా ఫిలిప్పీన్స్‌వాళ్లు వేళాకోళం చేస్తారు.

ఆరోది చదివి నవ్వాపుకోలేకపోయాను. "ఇంత మంచివాళ్లయినా కోడిపందేలు ఆడతారు, ఎంత అనాగరికం!" దీన్ని నాకు పంపిన పెద్ద బావగారిది భీమవరం. బావగారూ, సంక్రాంతి మూడు రోజులూ మీ ఫోను ఎందుకు కలవదో మా అక్కకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. డేగకూ కాకికీ నెమలికీ ముహూర్తాలు చూసే మనం వాళ్లకు నాగరికత నేర్పుదామా? వాళ్లకు 1974 నుంచి ఒక చట్టం ఉంది. ఆదివారాల్లో, సెలవు రోజుల్లో, లైసెన్సు ఉన్న బరిలో ఆడుకోవచ్చు. ఫోన్లలో ఆడే పందేలు కొంపలు ముంచుతున్నాయని 2022లో వాటిని ఆపించారు కూడా. మన దగ్గర చట్టం కూడదంటుంది, బరి చుట్టూ మాత్రం ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి. కాలికి కత్తి కట్టి కోడిని చంపించడం క్రూరమంటారా, కాదనను. రెండు చోట్లా క్రూరమే.

ఏడోది ఏ మొహం పెట్టుకుని పంపారో నాకు అర్థం కాలేదు. "అక్కడి ఆడవాళ్లు కనుబొమలు ఎగరేస్తే రమ్మని పిలుస్తున్నట్టే. బ్రహ్మచారులూ, టికెట్లు కొనుక్కోండి!" మూడు నవ్వు బొమ్మలు. అయ్యా, అక్కడ కనుబొమలు ఎగరేస్తే 'అవును' అని అర్థం. మందుల దుకాణంలో జ్వరం మాత్ర ఉందా అని అడిగితే, అరవై ఏళ్లావిడ కనుబొమలు ఎగరేసింది. ఉంది అని. జీప్నీ డ్రైవరును మార్కెట్టుకు వెళుతుందా అని అడిగితే ఆయనా ఎగరేశాడు. బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకున్న కాపలాదారూ ఎగరేశాడు. మీ లెక్కన నాకు ఆ ఊళ్లో ఎన్ని సంబంధాలు వచ్చినట్టు? ఈ ముక్కను తీసేయకుండా యథాతథంగా పంపినవారిలో ఇద్దరికి పెళ్లీడుకొచ్చిన కూతుళ్లున్నారు.

ఇక రెండోది. కావాలనే చివరికి ఉంచాను. "అక్కడివాళ్లకు బాధ అంటే తెలియదు. కడుపు కాలుతున్నా నవ్వుతూనే ఉంటారు. పేదరికం వాళ్లను ఏమీ చేయలేదు. చిన్న విషయానికీ ధర్నాలు చేసే మనవాళ్లు వీళ్లను చూసి నేర్చుకోవాలి."

బకోలోద్ ఉన్నది నెగ్రోస్ ద్వీపంలో. ఊరు దాటితే చెరకు, ఆ పైన మళ్లీ చెరకు. ఆ దేశపు చక్కెరలో సగానికి పైగా ఈ ద్వీపానిదే. 1974లో అమెరికాతో ఉన్న వాణిజ్య ఒప్పందం ముగిసింది, ఖాయంగా కొనే బేరం పోయింది. తర్వాత ప్రపంచ మార్కెట్లో ధర కుప్పకూలింది. అప్పటి దేశాధ్యక్షుడు మార్కోస్ హయాంలో చక్కెర వ్యాపారమంతా ఒకే సంస్థ గుప్పిట్లోకి వెళ్లింది. ఒక్క పంట మీద బతికే ఊరు ఏమవుతుందో ఊహించుకోండి. అది చాలదన్నట్టు 1980 ఏప్రిల్ 22న మనీలా నుంచి బకోలోద్‌కు వస్తున్న డాన్ హువాన్ అనే ఓడ చమురు నౌకను ఢీకొని మునిగిపోయింది. ఇంటికి వస్తామని బయలుదేరినవాళ్లు ఎందరో రాలేదు.

ఆ అక్టోబరులోనే మొదటి మాస్కారా. ఊరి పెద్దలూ కళాకారులూ కూర్చుని ఈ ఏడాది ఏదో ఒకటి చేయకపోతే జనం లేవరనుకున్నారు. కాగితపు గుజ్జుతో ముసుగులు చేసి, వాటి మీద నవ్వు గీశారు. మొహాన నవ్వు లేదు కాబట్టే ముసుగు మీద గీసుకున్నారు! మీరు పంపిన ఆ బొమ్మ అదే. దాని కింద "ఏడుపు తెలియని నగరం" అని రాశారు.

నవ్వగానే చక్కెర ధర పెరగలేదు. 1985 నాటికి ఆ ద్వీపంలో కరవు. ఎముకల గూడుల్లా ఉన్న పిల్లల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఇక ధర్నాల సంగతి. 1985 సెప్టెంబరు 20న అదే ద్వీపంలో ఎస్కలాంతే అనే ఊళ్లో చెరకు కూలీలు, రైతులు, విద్యార్థులు రోడ్డు మీద బైఠాయించారు. కాల్పుల్లో 20 మంది చనిపోయారు. చూసి నేర్చుకోవాలన్నారు కదా, దీన్ని చూసి ఏమి నేర్చుకుందాం?

నేనూ తక్కువ తినలేదు. వెళ్లిన కొత్తలో, ఆ మొదటి అక్టోబరులో లాక్సన్ వీధిలో రాత్రంతా డప్పుల మధ్య నిలబడి, పొద్దున ఇంటికి ఫోను చేసి "వీళ్లకు దిగులే లేదమ్మా" అన్నాను. ఎవరైనా ఆ మాటను అప్పట్లో మెసేజ్‌గా పంపి ఉంటే నేనే వందమందికి పంచేవాణ్ని. వాళ్ల నవ్వు దొంగదని ఇప్పుడూ అనను. ఆఫీసు వదిలి బయటికి వస్తుంటే కాపలా మనిషి రోజూ 'హాలోంగ్' అనేవాడు, జాగ్రత్త అని. హైదరాబాదులో మా ఆఫీసు గేటు దగ్గర పదేళ్లలో ఎవరూ నాకు ఆ మాట చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

కానీ నాకు జులై కూడా గుర్తుంది. చెరకు నరకడం ముగిసి మిల్లులు ఆగిపోతే, మళ్లీ మొదలయ్యేవరకు కూలీలకు పని ఉండదు. ఆ నెలలను స్పానిష్ మాటతో 'తియెంపో ముయెర్తో' అంటారు, చచ్చిన కాలం అని. మా వీధి చివర సారీ-సారీ కొట్టు, అంటే చిల్లర కొట్టు, ఉండేది. ఇనుప జాలీ వెనక షాంపూ ప్యాకెట్ల దండలు, గాజు సీసాలో బిస్కెట్లు, గోడకు అప్పు లేదని చెప్పే అట్టముక్క. మన కొట్లలో 'ఈరోజు నగదు, రేపు అప్పు' ఉంటుందే, దాని అక్కగారు. ఒక సాయంత్రం నా ముందు ఒకావిడ నిలబడింది, చంకలో పిల్ల. భర్త చెరకు తోటలో కూలీ. అరకిలో బియ్యం, ఒక చిన్న నూనె ప్యాకెట్ అడిగింది. అడుగుతూ నవ్వింది. వెనక నిలబడ్డ నన్ను చూసి ఇంకొంచెం నవ్వింది. అప్పు అడిగేటప్పుడు మనమూ అలాగే నవ్వుతాం.

కొట్టు ఆవిడ కనుబొమలు ఎగరేసి, గల్లా కింద నుంచి నోటుపుస్తకం తీసింది.