రాజు ఒక్కడు పడితే ఆట ముగియాలా?

(కంప్యూటర్ యుద్ధవ్యూహ ఆటల్లో రెండు మోడ్‌లు: సుప్రీమ్ కమాండర్‌లో అసాసినేషన్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో రెజిసైడ్. రెండింట్లోనూ ఒకే నియమం: కమాండరో రాజో చస్తే ఆ ఆటగాడు ఓడినట్టే. మిగతా సైన్యం ఎంతున్నా లెక్కలోకి రాదు. ఈ మోడ్ మీద నవీన్‌కీ, అతనికంటే పెద్దవాడైన శేఖర్‌కీ మధ్య వాదం.)

నవీన్: అన్నా, నాకు మింగుడుపడనిది ఇదే. గంటసేపు ఒళ్ళు హూనం చేసుకుని బేస్ కడతాం. బాంబర్ల గుంపొకటి వచ్చి కమాండర్ మీద పడుతుంది. ఫ్యాక్టరీలన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి, మనం మాత్రం ఓడిపోతాం! స్ట్రాటజీ గేమంటే ఎకానమీ, సైన్యం. ఒక్క యూనిట్ ప్రాణం మీద అంతా వేలాడితే ఎలా?

శేఖర్: ఆ బాంబర్లు ఊరికే ఊడిపడ్డాయట్రా? వాటికి ఎయిర్ ఫ్యాక్టరీ కావాలి, నీ కమాండర్ ఎక్కడున్నాడో చూడ్డానికి స్కౌట్ విమానం రావాలి. అది నీ నెత్తిమీదుగా వెళ్ళినప్పుడైనా యాంటీ ఎయిర్ (విమానాల్ని కూల్చే తుపాకులు) కట్టాల్సింది. వాడు నీ బేస్ చదివాడు, నువ్వు వాడి ఫ్యాక్టరీల వైపే చూడలేదు.

నవీన్: సరే, మరి రెజిసైడ్ సంగతి? రాజుకి 75 హిట్ పాయింట్లే, అంటే అంతే ప్రాణం. ఎవర్నీ కొట్టలేడు. మొదట్లోనే కాజిల్ ఇస్తారు కాబట్టి అందులో దూరి కూర్చుంటాడు. ఇంకేముంది, ఎవరి గోడల వెనక వాళ్ళు.

శేఖర్: కాజిల్ శాశ్వతమా? ట్రెబుషేలు (రాళ్ళు విసిరే యంత్రాలు) దాన్ని కూలిస్తే రాజు బయటపడతాడు. అసలు ఆట అప్పుడే మొదలవుతుంది. గుర్రాల కంటపడకుండా ఇంకో కాజిల్‌కి చేర్చాలా, ట్రాన్స్‌పోర్ట్ ఓడ ఎక్కించి సముద్రంలో ఓ మూలకి పంపాలా? ఓడ మునిగితే లోపలున్న రాజు కూడా పోతాడు. అవతలివాడు కాజిల్‌లో 400 బంగారం పెట్టి ట్రీజన్ చేయించాడంటే నీ రాజు ఎక్కడున్నాడో కాసేపు కనిపించిపోతుంది. అలా కనిపించిన ఆ కాస్త సమయంలో ఇద్దరి గుండెలూ ఎలా కొట్టుకుంటాయో శత్రువుని పూర్తిగా తుడిచిపెట్టాల్సిన మామూలు కాంక్వెస్ట్ మోడ్‌లో చూపించు చూద్దాం! అక్కడ గెలుపు ఖాయమయ్యాక కూడా అడవి వెనక దాక్కున్న ఆఖరి విలేజర్ (పనివాడు) కోసం మ్యాపంతా గాలించాలి. అదేం యుద్ధం?

నవీన్: ఆ విలేజర్ వేట విసుగే, ఒప్పుకుంటా. కానీ కాంక్వెస్ట్‌లో తేరుకునే అవకాశం ఉంటుంది. బేస్ సగం పోయినా మళ్ళీ నిలబడొచ్చు. ఇక్కడ ఒక్క పొరపాటుకే ఆట సరి.

శేఖర్: చదరంగంలోనూ అంతేగా.

నవీన్: చదరంగంలో గనులు తవ్వం, ఫ్యాక్టరీలు కట్టం కదన్నా!

శేఖర్: సరే, పోలిక వదిలెయ్. సుప్రీమ్ కమాండర్‌నే చూడు. మొదట్లో నీ దగ్గరున్న వాటిలో బలమైన పోరాటయోధుడు కమాండరే, కట్టేవాడూ వాడే. వెనక దాస్తే క్షేమమే, కానీ మధ్యలో మాస్ (కట్టడానికి కావలసిన ముడిసరుకు) దొరికే చోట్లు అవతలివాడి పాలవుతాయి. ముందుకు పంపితే భూమి దక్కుతుంది, ప్రాణం పోవచ్చు. పైగా వాడు చచ్చేటప్పుడు అణుబాంబులా పేలతాడు, దగ్గరికొచ్చి చంపిన సైన్యం కూడా బూడిదవుతుంది. ఒక్క యూనిట్‌ని ఎంత ముందుకు నడపాలన్న ప్రశ్న ఆటంతా వదలదు. ఎకానమీని ఇది తీసెయ్యలేదురా, దానికి ప్రాణభయం తెచ్చిపెట్టింది.

నవీన్: ఒకరితో ఒకరు ఆడే ఆటకి నీ మాట ఒప్పుకుంటా. నలుగురు నలుగురు ఆడేటప్పుడో? సుప్రీమ్ కమాండర్‌ని అభిమానులు ఆన్‌లైన్‌లో నడిపే ఫోర్జ్‌డ్ అలయన్స్ ఫరెవర్‌లో షేర్ అన్‌టిల్ డెత్ నియమం పెడితే, ఒకడి కమాండర్ పోగానే వాడి బేసంతా మాయం. ఒకడి ఏమరుపాటుకి మిగతా ముగ్గురూ బలి!

శేఖర్: అది మాత్రం నాకూ నచ్చదు. టీమ్ ఆటలో ఫుల్ షేరే పెట్టాలి. పోయినవాడి బేస్ మిగిలిన జట్టువాళ్ళ చేతికొస్తుంది.

నవీన్: అప్పుడిక కమాండర్‌ని చంపి లాభమేంటి? నీ మోడ్‌కి కోరలు పీకినట్టేగా?

శేఖర్: ఆ బేస్‌ని నడిపే మనిషే పోయాడుగా! మిగిలిన ముగ్గురూ తమ ఫ్రంట్‌లు కాసుకుంటూనే వాడిదీ చూసుకోవాలి. అదేం చిన్న దెబ్బ కాదు.

నవీన్: అయితే రేపు నలుగురు నలుగురుగా ఫుల్ షేర్‌తో పెట్టు. నా కమాండర్ చుట్టూ ముందు యాంటీ ఎయిర్ కడతా, ఆ తర్వాతే ఫ్యాక్టరీ.

శేఖర్: తప్పురా. ముందు ఫ్యాక్టరీ, తర్వాత రాడార్, ఆపైన యాంటీ ఎయిర్. లేకపోతే నా ట్యాంకులు నడుచుకుంటూ వచ్చి చంపేస్తాయి.