తప్పు బూటుది కాదు, పాదానిదే

పొద్దున్నే ఆరింటికి కేబీఆర్ పార్కు గేటు దగ్గర ఓ పావుగంట నిలబడండి. లోపలికి వెళ్ళేవాళ్ళు జింకల్లా వెళ్తుంటారు. గంట తర్వాత అదే జనంలో కొందరు కాలుకాలిన పిల్లుల్లా బయటికొస్తుంటారు. ఆ రెండో బాపతులో నేనొకణ్ణి. నా పరుగు బూట్ల ఖరీదు 13,999 రూపాయలు, మడమ వెనకాల బొబ్బ మాత్రం ఉచితం.

ఇంటికొచ్చి సాక్సు విప్పగానే అందరూ అడిగేది ఒక్కటే, 'బూటు కరిచిందా?' అని. వినీ వినీ విసుగొచ్చేసింది. నోరూ పళ్ళూ లేని వస్తువు మీద తరతరాలుగా మనం వేస్తున్న నింద ఇది. కొత్త చెప్పు కరిచిందంటాం గానీ, పాదమే తిన్నగా ఉండక వెళ్ళి చెప్పును ఒరుసుకుందని ఒక్కరైనా అన్నారా? అందుకే బూటు తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను, ఫీజు లేకుండా. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉంటాయి. బూటులో ఉన్నదేమిటి, కాస్త నురుగు (అదే, ఫోమ్), ఓ జాలీ గుడ్డ, రెండు లేసులు. ఇన్ని కదిలే భాగాలున్నది తప్పు చేసి ఉంటుందా, ఒక్కటీ కదలనిది చేసి ఉంటుందా? మీరే చెప్పండి.

పైగా ఇది నా సొంత కవిత్వం కాదు, సర్కారు వారే తేల్చిన సంగతి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ వాళ్ళు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల తిరిగి, లక్షమందికి పైగా జనం పాదాలను త్రీడీ స్కానర్ల మీద పెట్టించి కొలిచారు. మన పాదాలు యూరప్ వాళ్ళవీ అమెరికా వాళ్ళవీ కన్నా వెడల్పని తేలింది. లక్షమంది ముద్దాయిలు, అందరిదీ ఒకటే నేరం! ఆ వెడల్పు పట్టక మనవాళ్ళు చేసే పనేమిటంటే, ముందు పొడవు ఎక్కువున్న సైజు కొంటారు, ఆ తర్వాత మడమ లూజుగా ఉందని లేసులు పీక బిగించినట్టు బిగిస్తారు. ఇంత సాక్ష్యం చేతిలో పెట్టుకుని ఆ సంస్థ ఏం సిఫార్సు చేయాలి, పాదాలను సన్నబరుచుకోమని చెప్పాలా వద్దా? వాళ్ళేమో మన పాదాలకు తగ్గట్టు 'భ' అని కొత్త సైజుల పద్ధతి పెడదామన్నారు. భ అంటే భారత్. నేరం చేసినవాణ్ణి వదిలేసి జైలు గోడలు వెడల్పు చేయడమంటే ఇదే.

ఇప్పుడున్న కొలతకి ఏం తక్కువైందని? శుభ్రమైన బ్రిటిషు కొలత. యూకే సైజుల్లో ఒక నంబరుకీ దాని పై నంబరుకీ మధ్య తేడా ఒక బార్లీ గింజ పొడవు, అంటే అంగుళంలో మూడో వంతు, సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అన్నం తినే మనం మన కాళ్ళను బార్లీ గింజలతో కొలుచుకుంటున్నాం. దొరలు 1947లోనే మూటాముల్లే సర్దుకున్నారు గానీ గింజలు మాత్రం ఇక్కడే వదిలి వెళ్ళారు. దీన్నిబట్టి సైజు ఎనిమిది చాలక తొమ్మిదికి వెళ్తే ఒక గింజ పొడవు పెరుగుతుంది సరే, మీకు చాలనిది వెడల్పు కదా అని అడక్కండి. వెడల్పుకు డి, 2ఈ, 4ఈ అంటూ వేరే అక్షరాలున్నాయి. కొన్ని పెట్టెల మీద ఉంటాయి కూడా. వాటిని నేను చాలా ఏళ్ళు బ్యాచ్ నంబర్ అనుకున్నాను.

ఇక డాలస్‌లో ఉన్న మా బావమరిది సంగతి. అక్కడ సేల్ పెట్టారు బావా, నీ సైజెంత అన్నాడు. ఎనిమిది అన్నాను. డిసెంబరులో సూట్‌కేసులో రెండు ఆవకాయ సీసాలంత బరువున్న బూట్ల పెట్టె తెచ్చాడు. మగవాళ్ళ బూట్లలో అమెరికా నంబరు చాలా కంపెనీలకు మన నంబరు కన్నా ఒకటి ఎక్కువ ఉంటుందన్న సంగతి వాడికీ తెలీదు, నాకూ తెలీదు. అక్కడి ఎనిమిది ఇక్కడి ఏడు. ప్రేమగా తెచ్చింది కదా అని వేసుకుని పరిగెత్తాను. ఫ్లైఓవర్ దిగుతుంటే వేళ్ళన్నీ ముందుకెళ్ళి బూటు గోడకి కొట్టుకుని, బొటనవేలి గోరు వంకాయ రంగుకి తిరిగింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో చిన్నప్పటి నుంచీ వింటున్నాను, ఆ రోజు అర్థమైంది.

సరే, అసలు విషయం మెత్తదనం. మా రన్నింగ్ గ్రూపులో పరుగు కన్నా నురుగు గురించిన చర్చలే ఎక్కువ. అన్నీ నురుగు రకాల పేర్లే: ఒకాయన ఈవీఏ అంటాడు, ఇంకొకాయన టీపీయూ అంటాడు, ముచ్చటగా మూడో ఆయన, ఇతను రెండు కిలోమీటర్లకు మించి పరిగెత్తగా ఎవరూ చూడలేదు, 'పెబా లేకుండా ఎలా రన్ చేస్తున్నారన్నా మీరంతా' అని జాలిపడతాడు. కొన్నేళ్ళ కిందట ఇదే లోకంలో గాలి ఇంకోవైపు వీచింది. బూటు అడుగుభాగం ఎంత పల్చగా ఉంటే అంత ఆరోగ్యమన్నారు, వేళ్ళకి తొడుగుల్లా ఉండే అయిదు వేళ్ళ బూట్లు జనం ఎగబడి కొన్నారు. చివరికి వాటిని అమ్మిన వైబ్రమ్ మీద, ఆరోగ్యానికి మంచిదని చెప్పుకున్నదానికి రుజువేదీ అంటూ అమెరికాలో దావా పడితే, 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. ఆ పల్చని బూట్ల రోజుల్లోనే, 2009లో, ఫ్రాన్స్‌లో పుట్టిన హోకా అనే కంపెనీ పరుపంత మందం అడుగున్న బూట్లు అమ్మడం మొదలెట్టింది. మొదట్లో అందరూ నవ్వారు, ఇప్పుడు అందరివీ పరుపులే. పల్చనిదే మంచిదన్నప్పుడూ, మందమైనదే మంచిదన్నప్పుడూ మారకుండా మొండికేసింది పాదమొక్కటే. తప్పెవరిదో మళ్ళీ చెప్పాలా?

ఈ మందం ఎక్కడిదాకా పోయిందంటే, రోడ్డు పోటీల్లో బూటు అడుగు 40 మిల్లీమీటర్లు దాటకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం 2020లో హద్దు పెట్టాల్సొచ్చింది. ఆ హద్దు అలాంటి పోటీల్లో దిగేవాళ్ళకే లెండి. మా కాలనీలో పాలప్యాకెట్ కోసం వెళ్ళేవాళ్ళకు ఎలాంటి హద్దూ లేదు.

ఇక్కడే నా బొబ్బ కేసులో చిన్న ఇబ్బంది ఉందని ఒప్పుకుంటాను. పరుపు ఎంత మెత్తగా ఉన్నా బొబ్బ ఆగదు. నురుగు చేసే పని కాలు నేలకు కొట్టుకున్నప్పుడు ఆ దెబ్బను కాస్త మింగడం. బొబ్బ ఆ దెబ్బవల్ల రాదు. చర్మం సాక్సుకి అంటుకుని ఒకచోట ఉండిపోయి లోపలి ఎముక అడుగడుక్కీ ముందుకీ వెనక్కీ జరుగుతుంటే, ఆ లాగుడుకి చర్మం పొరలు విడిపోయి మధ్యలో నీరు ఊరుతుంది. ఎండి ఉన్న చర్మం జారుతుంది, బాగా తడిసింది కూడా కొంత జారుతుంది, మధ్యరకంగా చెమ్మగా ఉన్నదే పట్టుకుని వదలదు. కాటన్ సాక్సు ఉందే, చెమటను పీల్చి ఒక్క చుక్క పోకుండా దాచిపెట్టి ఆ చెమ్మను గంటలకొద్దీ కాపాడుతుంది, అందుకే నేను కాటనే వాడతాను. విశాఖ బీచ్ రోడ్డులో పరిగెత్తేవాళ్ళకు ఈ విజ్ఞానం ఎవరూ చెప్పక్కర్లేదు. ఆగస్టు చివర హైదరాబాద్ మారథాన్‌లో వాన తుంపరలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగేవాళ్ళకు అసలే అక్కర్లేదు.

కానీ ఈమధ్య కొందరు పాదాల పక్షం వహించి దుకాణాల్లో అల్లరి చేస్తున్నారు. నా కళ్ళారా చూశాను. నేను 13,999 పోసిన షాపులోనే ఒకావిడ, యాభై అయిదు దాటి ఉంటాయి, చీర కొంగు బొడ్లో దోపుకుని వచ్చింది. అది సాయంత్రం ఆరున్నర. నేను చక్కగా పొద్దున్నే రావాల్సింది, ట్రాఫిక్ వల్ల ఆలస్యమైంది. ఆవిడ మాత్రం కావాలనే ఆ వేళకు వచ్చిందట. పొద్దంతా నిలబడితే పాదాలు ఉబ్బుతాయి, పరిగెత్తినా ఉబ్బుతాయి, అందుకని ఉబ్బిన కాళ్ళతోనే కొనాలట! సంచీలోంచి తన సొంత సాక్సులు తీసింది. షాపు కుర్రాడు 'సైజు ఎంతమ్మా' అంటే, 'నాకేం తెలుసు బాబూ, నువ్వు కొలువు' అంది. రెండు కాళ్ళూ కొలిపించింది, అదీ నిలబడి. కుడి పాదం కొంచెం పెద్దదని తేలింది. నాకు నవ్వొచ్చింది. నా సైజు ఎనిమిదని నేను ఇంటర్మీడియట్ నుంచీ చెబుతున్నాను, ఒక్కసారైనా కొలవాల్సొచ్చిందా?

తర్వాత బూటులోపల అట్టలా ఉంటుందే, ఇన్సోల్, దాన్ని బయటికి లాగి నేలమీద పెట్టి ఎక్కి నిలబడింది. చిటికెనవేలు పక్కకి పొంగిపోయింది. 'చూశావా, ఇది నాది కాదు' అని పక్కన పెట్టేసింది. ఆడవాళ్ళ సైజుల్లో అలా నాలుగు జతలు తిప్పికొట్టి, చివరికి మగవాళ్ళ వరసలోంచి ఒక జత తీయించింది. పెద్ద కాలినే లెక్కలోకి తీసుకుని, ముందు బొటనవేలంత ఖాళీ ఉందో లేదో వంగి నొక్కి చూసుకుంది. ర్యాకుల మధ్య అటూ ఇటూ పరిగెత్తింది. మెట్లు దిగి ఎక్కింది, దిగేటప్పుడు వేళ్ళు ముందుకి తగులుతున్నాయా అని, ఎక్కేటప్పుడు మడమ లేస్తోందా అని. మడమ కాస్త లేచింది. అప్పుడు బూటు పైన చివర్న ఒక దిక్కులేని రంధ్రం ఉంటుందే, నేను గాలి ఆడటానికనుకునేది, అందులోంచి లేసును చిన్న ఉచ్చులా తిప్పి, రెండో లేసును ఆ ఉచ్చులోంచి దూర్చి లాగి ముడేసింది. మడమ కదల్లేదు. కుర్రాడికి ఏసీలో కూడా చెమట పట్టింది.

నా బేరం మూడు నిమిషాల్లో అయిపోయింది. నారింజరంగు బాగుందన్నాను. ఎనిమిది ఇవ్వమన్నాను. కొంచెం పట్టేసినట్టుంది అంటే ఆ కుర్రాడు, ఈ దేశంలో చెప్పుల అంగడి పుట్టినప్పటి నుంచీ చెబుతున్న మంత్రం చెప్పాడు: 'వాడుతుంటే సాగుతాయి సార్.'

తోలు చెప్పులైతే సాగేవి, నిజమే. మా తాతగారు కొత్త చెప్పులకి ఆముదం పట్టించి రెండు రోజులు అరుగు మీద పెట్టి మూడో రోజు వేసుకునేవారు. ఈ జాలీ గుడ్డకీ నురుగుకీ కూడా అదే వైద్యం పనిచేస్తుందని నేను నమ్మాను. 13,999 రూపాయల బూట్లకి ఆముదం పట్టించిన సాయంత్రం మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయడం బాగోదు. బూట్లు సాగలేదు. వీధికుక్కలు మాత్రం వారం రోజులు నా వెంట వచ్చాయి.

ఈ పాదాల తిరుగుబాటుకి మూలం ఎక్కడుందో వెతికితే రోమ్‌లో దొరికింది. 1960 ఒలింపిక్స్ మారథాన్‌కి ఇథియోపియా నుంచి అబేబే బికిలా అనే సైనికుడు వచ్చాడు. ఉన్న బూట్లు అరిగిపోయాయి, దొరికిన కొత్తవి కాలికి సరిపడలేదు. మర్యాదస్తుడెవడైనా ఏం చేయాలి, కుంటుకుంటూ అయినా వాటితోనే పరిగెత్తాలి. అతను వట్టి కాళ్ళతో రోడ్డెక్కి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో బంగారు పతకం కొట్టుకుపోయాడు. నాలుగేళ్ళ తర్వాత టోక్యోలో బుద్ధిగా బూట్లేసుకుని వచ్చాడులెండి. అప్పుడూ గెలిచాడు. ఆ సంగతి నా వాదనకి ఏవైపు పనికొస్తుందో ఇంకా తేల్చుకోలేదు.

ఒక్కమాట మాత్రం వెటకారం లేకుండా చెబుతాను. సుగర్ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు బొబ్బను తేలిగ్గా తీసుకోవద్దు, రోజూ అరికాళ్ళు చూసుకోండి, బొబ్బ లేస్తే డాక్టరుకు చూపించండి. మిగతావాళ్ళు కూడా పిన్నీసుతో పొడిచి పైతోలు ఊడబెరకద్దు, ఆ తోలే లోపలి పచ్చి చర్మానికి కట్టు. సరే, మళ్ళీ వకాల్తాలోకి వస్తున్నాను.

మొన్న ఆదివారం పార్కులో ఆవిడ కనిపించింది. అదే మగవాళ్ళ బూటు, అదే ముడి. నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి చుట్టు తిరిగొచ్చి మళ్ళీ దాటింది, ఈసారి ఆగి, నా నడక చూసి, 'వెడల్పువి అడగండి బాబూ, ఉంటాయి' అంది. పాదాల పక్షం వాళ్ళకు జాలి కూడా ఎక్కువే.

ఆముదం బూట్లు కడిగి మా తోడల్లుడికి ఇచ్చాను. వాడి పాదాలు అరటిదొప్పల్లా సన్నగా ఉంటాయి. 'భలే కుదిరాయన్నయ్యా, వేసుకున్నట్టే లేదు' అని రోజూ ఫోన్ చేస్తాడు. వాడు పరిగెత్తడు. వాటితో టిఫిన్ సెంటర్ దాకా వెళ్ళి రెండు ఇడ్లీ, ఒక వడ తిని వస్తాడు.

నిన్న మళ్ళీ షాపుకెళ్ళాను. సాయంత్రమే వెళ్ళాను. సాక్సులు కూడా తీసుకెళ్ళాను, ఎవరూ చూడకుండా జేబులో. కొలిపిస్తే ఎడమది ఎనిమిదిన్నర, కుడిది ఎనిమిది, రెండూ వెడల్పే. ఇంటర్మీడియట్ నుంచీ నేను ఇంకెవరి సైజో చెబుతున్నానన్నమాట. కుర్రాడు లోపలికెళ్ళి ఎనిమిదిన్నర, 2ఈ తెచ్చాడు. వేసుకున్నాను. వేళ్ళు విప్పారాయి. మడమ కదల్లేదు. మెట్లు దిగాను, ఎక్కాను. ఒక్కచోట కూడా ఏమీ తగల్లేదు.

'వైడ్‌లో ఈ ఒక్క కలరే వస్తుంది సార్' అన్నాడు. బూడిద రంగు. స్కూలు బిల్డింగు గోడలాంటి బూడిద రంగు.

పక్క ర్యాకులో మామూలు వెడల్పువి చిలకపచ్చ రంగులో మెరిసిపోతున్నాయి. వాటివైపు చూశాను. కుర్రాడు నావైపు చూశాడు.

'వాడుతుంటే సాగుతాయి కదా?' అన్నాను.