నాట్ రన్ వర్ధిల్లాలి!

లైనక్స్ కెర్నెల్ రాసేవారికి ఎవరి మీదా నమ్మకం లేదనడానికి ఎక్స్‌ఎఫ్ఎస్‌టెస్ట్స్ ఒక్కటి చాలు. ఎప్పుడో ఎస్‌జీఐ కంపెనీలో ఎక్స్‌ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను సర్దిపెట్టే ఏర్పాటు) కోసం పుట్టిన ఈ పరీక్షల మూట ఇప్పుడు తోటి ఫైల్‌సిస్టమ్‌లైన ఈఎక్స్‌టీ4నీ, బీటీఆర్‌ఎఫ్ఎస్‌నీ కూడా వదలడం లేదు. ఒకసారి పాసైతే చాలదట! మౌంట్ ఆప్షన్ (ఫైల్‌సిస్టమ్‌ను వాడుకలోకి తెచ్చేటప్పుడు ఇచ్చే షరతు) మార్చి మళ్లీ మొదటి నుంచీ నడపాలట. పెట్టడమో తీసేయడమో తప్ప మరో మాట లేని ఆప్షన్లు పది ఉన్నా 1,024 కలయికలు తేలతాయి. ఇంత అనుమానం ఆరోగ్యానికి మంచిది కాదు.

అందులోనూ పాడైన డిస్కులా నటించే డీఎం-ఫ్లేకీ మరీ దుర్మార్గం. ఫైలుకు ఎఫ్‌సింక్ (రాసినదాన్ని డిస్కులోకి చేర్చి తీరాలనే ఆదేశం) పూర్తయ్యాక, కరెంటు పోయినట్టు నటిస్తూ, ఆపైన వచ్చే రాతలన్నిటినీ చప్పుడు చేయకుండా పారేస్తుంది. పైకి మాత్రం రాసేశాననే చెబుతుంది, అర్జీ మీద ముద్ర వేసి చెత్తబుట్టలో పడేసే గుమాస్తాలా. తర్వాత మళ్లీ మౌంట్ చేసి, "ఎఫ్‌సింక్ చేసిన ఫైలేదీ?" అని ఫైల్‌సిస్టమ్‌ను నిలదీస్తారు. అబద్ధమాడింది ఒకరు, సంజాయిషీ మరొకరిది.

అయితే ఈ చీకట్లోనూ ఒక దయగల ఏర్పాటుంది. దాని పేరు నాట్ రన్, అంటే పరీక్షను నడపలేదని రాసి వదిలేయడం. చదివిన సమయం రాయొద్దనే నోఏటైమ్ ఆప్షన్‌తో మౌంట్ చేశారా, ఫైలును ఎప్పుడు చదివారో సరిగ్గా నమోదవుతోందా అని చూసే పరీక్షలు వాటంతటవే తప్పుకుంటాయి. ఈఎక్స్‌టీ4లో జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) తీసేశారా, కరెంటు పోతే ఏమవుతుందని అడిగే పరీక్షలు చాలావరకు మిమ్మల్ని పలకరించవు. పోయేది ఎటూ పోతుంది కాబట్టి అడగడం మర్యాద కాదనుకుంటాయి కాబోలు. ఇన్ని తప్పుకున్నా, నడిచినవాటిలో ఏదీ ఫెయిల్ కాకపోతే చివరి వరుసలో "అన్నీ పాస్" అనే వస్తుంది. పై అధికారులు చదివేది ఆ వరుసే.

కనుక నా సూచన: ఆప్షన్లను వాటి మంచిచెడ్డలను బట్టి కాక, అవి తప్పించే పరీక్షలను బట్టి ఎంచుకోవాలి. ఎక్స్‌ఎఫ్ఎస్‌లో వేగం కోసం భద్రతను పక్కనపెట్టే నోబ్యారియర్ ఆప్షన్‌ను 2018లో తొలగించడం తొందరపాటే. వేగం పోయిందని ఏడ్చినవారి కన్నీళ్లను ఏ పరీక్ష కొలిచింది? ఈఎక్స్‌టీ4లో డేటా=రైట్‌బ్యాక్ అనే ఆప్షన్ ఇంకా ఉన్నందుకు సంతోషించాలి. దానితో, క్రాష్ తర్వాత కొత్త ఫైలులో ఎప్పుడో చెరిపేసిన పాత సరుకు ప్రత్యక్షం కావచ్చు. జ్ఞాపకాలంటే విలువలేని కాలంలో అదెంత భాగ్యం!

ఇక డీఎం-ఫ్లేకీ బడ్జెట్‌ను పూర్తిగా రద్దు చేయవచ్చు. కంప్యూటర్లు కొన్నవారి ఇళ్లలో కరెంటు ఉచితంగానే పోతోంది, ఫిర్యాదులు కూడా వారే సొంత ఖర్చుతో పంపుతున్నారు.