హెల్మండ్‌లో యుద్ధం గెలిచారన్న మాట నిజం కాదు

అఫ్గానిస్థాన్ గురించి ఒక వాదన ఏళ్ల తరబడి షేర్ అవుతూనే ఉంది. చెప్పేవాళ్లను బట్టి మాటలు మారతాయి గానీ సారం ఇది: అమెరికా, దాని మిత్రదేశాల సైన్యాలు అక్కడ ఒక్క పోరాటంలోనూ ఓడలేదు. సైనికులు గెలిచి ఇచ్చిన ప్రాంతాలను అవినీతిపరులైన అఫ్గాన్ పాలకులు పోగొట్టారు. కోట్ల డాలర్లు పోసినా జనంలో విశ్వాసం లేదు, అసలు ఆ దేశానికి పాలన అలవాటే లేదు. ఇంకో ఐదేళ్లు ఉండి ఉంటే తాలిబన్ల కథ ముగిసేది. చివరికి అఫ్గాన్ సైన్యం ఒక్క తూటా పేల్చకుండా పారిపోయింది.

వినడానికి అతికినట్టే ఉంటుంది. కానీ విదేశీ సైన్యాలు ఎక్కువ రక్తం, ఎక్కువ డబ్బు ధారపోసిన హెల్మండ్ ప్రావిన్సులో ఏం జరిగిందో చూస్తే ఇందులో చాలా భాగం నిలబడదు. ఒక్కొక్కటీ తీసుకుంటాను.

"ఒక్క పోరాటంలోనూ ఓడలేదు"

కాల్పుల వరకే చూస్తే ఇది దాదాపు నిజం. విమానాలు, హెలికాప్టర్లు, రాత్రిపూట చూపునిచ్చే పరికరాలు ఉన్న సైన్యాన్ని కలాష్నికోవ్‌లతో ఎదురుగా నిలబడి ఎవరూ ఓడించలేదు. కానీ తిరుగుబాటును అణిచే యుద్ధంలో గెలుపు అంటే ఏమిటి? దానికి మార్జా కంటే మంచి ఉదాహరణ లేదు.

మార్జా ప్రావిన్సు రాజధాని లష్కర్ గాకు దగ్గర్లోనే ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు వార్తల్లో దాన్ని నగరమన్నారు. నిజానికి అది కాలవల మధ్య పరుచుకున్న పొలాలు, మట్టి గోడల ఇళ్లు, అక్కడక్కడా చిన్న బజార్లు. ఆ కాలవలు కూడా 1950ల్లో అమెరికా సాయంతో తవ్వినవే. 2010 ఫిబ్రవరి 13న అక్కడ మొదలైన దాడిలో, చుట్టుపక్కల ప్రాంతాలతో కలిపి, దాదాపు 15,000 మంది అమెరికన్, బ్రిటిష్, అఫ్గాన్ సైనికులు పాల్గొన్నారు. తాలిబన్లను తరిమేశాక వెంటనే దించడానికి ఒక ప్రభుత్వం పెట్టెలో సిద్ధంగా ఉందని అప్పటి కమాండర్ జనరల్ మెక్‌క్రిస్టల్ ప్రకటించారు.

పెట్టె తెరిస్తే అందులో పెద్దగా ఏమీ లేదు. జిల్లా గవర్నరుగా వచ్చిన మనిషి చాలా ఏళ్లు జర్మనీలో ఉండి వచ్చినవాడు. కొన్ని నెలలకే ఆయన్ని మార్చేశారు. రావాల్సిన ఉద్యోగుల్లో చాలామంది రాలేదు, వచ్చినవాళ్లలో కొందరు రాత్రికి లష్కర్ గాకు వెళ్లిపోయేవారు. రాత్రి మార్జాలో మిగిలేది తాలిబన్లే. పగలు అమెరికన్ మెరైన్ సైనికుల దగ్గర డబ్బో విత్తనాలో తీసుకున్న రైతు తలుపు వాళ్లు రాత్రి తట్టేవారు. దాడి మొదలై మూడు నెలలైనా కాకముందే, ఆ మే నెలలో, మార్జా రక్తమోడుతున్న పుండులా ఉందని అన్నది మళ్లీ మెక్‌క్రిస్టలే.

పగలు ఒకరిది, రాత్రి ఇంకొకరిది అయిన ఊరిని గెలిచిన ఊళ్ల లెక్కలో వేయడం తప్పు. ఆ లెక్కలు వేసినవాళ్లకే చివరికి నమ్మకం పోయింది. ఎన్ని జిల్లాలు ప్రభుత్వం చేతిలో ఉన్నాయో అమెరికా నాయకత్వంలోని దళాలు కొన్నేళ్లు అంచనా వేశాయి. 2018 చివరికి ఆ సంఖ్య సగానికి కాస్త పైన నిలిచింది. తర్వాత ఆ అంచనా వేయడమే మానేశారు. పునర్నిర్మాణ ఖర్చులపై నిఘా కోసం అమెరికాయే ఏర్పాటు చేసుకున్న సంస్థ, సిగార్, ఆ సంగతిని 2019లో బయటపెట్టింది.

"సైన్యం గెలిచింది, పాలకులు పోగొట్టారు"

ఈ వాక్యం దగ్గరే నాకు ఎక్కువ అభ్యంతరం. సైన్యాన్నీ పాలననూ రెండు వేరు గదుల్లో పెట్టి, ఒక గదిలో జరిగిన దానికి రెండో గదికి సంబంధం లేదన్నట్టు మాట్లాడుతుంది. హెల్మండ్‌లో ఎవరు పాలించాలో చాలావరకు తేల్చింది తుపాకీ బలమే. ఆ బలం వెనక ఉన్నది విదేశీ సైన్యం.

2001లో తాలిబన్లు కూలగానే హెల్మండ్ గవర్నరైన షేర్ మొహమ్మద్ అఖుంద్‌జాదా అక్కడి పాత ముజాహిదీన్ (సోవియట్ సైన్యంతో పోరాడినవాళ్ల) కుటుంబానికి చెందినవాడు. 2005లో ఆయన కార్యాలయంలో 9 టన్నుల నల్లమందు దొరికింది. బ్రిటన్ పట్టుబట్టడంతో అదే ఏడాది చివర్లో ఆయన్ని తప్పించారు. శిక్ష పడలేదు, కాబూల్‌లో సెనేటర్ పదవి వచ్చింది. జీతాలివ్వలేకపోయిన తన మనుషులు సుమారు 3,000 మంది తాలిబన్ల వైపు పోయారని తర్వాత ఆయనే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. 2006లో బ్రిటిష్ సైన్యం హెల్మండ్‌లో దిగేసరికి ఉన్న పరిస్థితి ఇది.

ఇక హెల్మండ్‌లోనే ఉన్న సంగీన్ జిల్లా. అక్కడ అలికోజాయ్ తెగకు చెందిన నాయకులు ప్రభుత్వ పదవులు, గూఢచార విభాగం చేతిలో పెట్టుకుని ఇషాక్‌జాయ్ తెగవాళ్లను పిండి వసూళ్లు చేశారు. ఇషాక్‌జాయ్‌లలో చాలామంది తాలిబన్ల పక్కన చేరింది ఏదో సిద్ధాంతం చదివి కాదు, ఆ వేధింపుల నుంచి కాపాడేవాళ్లు ఇంకెవరూ కనిపించక. ఆ తగాదా మధ్యలోకి బ్రిటిష్ సైనికులు వెళ్లారు, ప్రభుత్వాన్ని కాపాడటానికని. సంగీన్ జనానికి మాత్రం వాళ్లు ఒక తెగ తరఫున వచ్చిన తుపాకులుగానే కనిపించారు. 2010లో అమెరికన్ మెరైన్లకు అప్పగించేలోగా వందమందికి పైగా బ్రిటిష్ సైనికులు ఆ ఒక్క జిల్లాలోనే చనిపోయారు. వాళ్ల త్యాగాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వాళ్లను ఎవరి తగాదాలోకి పంపుతున్నారో పంపినవాళ్లు తెలుసుకోకపోవడమే నన్ను బాధిస్తుంది. 2017 మార్చిలో సంగీన్ తాలిబన్ల చేతికి వెళ్లింది.

పోలీసుల సంగతీ అంతే. మార్జాలో దాడికి ముందు, తర్వాత కూడా ఊరి పెద్దలు మొదట అడిగింది రోడ్డో బడో కాదు. పాత పోలీసుల్ని మాత్రం మళ్లీ మా మీదికి తీసుకురావద్దని బతిమాలారు. చెక్‌పోస్టుల్లో డబ్బులు గుంజడం, ఇళ్లు దోచుకోవడం, పిల్లల్ని ఎత్తుకుపోయి పాడుచేయడం వాళ్లు చూశారు. కంచే చేను మేసిన చోట కొత్త సైనికుడు ఎంత మర్యాదగా మాట్లాడినా, వాడి వెనకాల ఎవరు వస్తారో రైతుకు తెలుసు.

డబ్బు వైపు చూడండి. విదేశీ దళాలకు సరుకు చేరవేసే లారీల కాంట్రాక్టు ఒక్కటే 216 కోట్ల డాలర్లది. ఆ లారీలు దారిలో దెబ్బతినకుండా వెళ్లడానికి కాంట్రాక్టర్లు స్థానిక సాయుధ ముఠాల నాయకులకు కప్పం కట్టారని, అందులో కొంత తాలిబన్ల దాకా వెళ్లి ఉండొచ్చని 2010 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘమే తేల్చింది. ఆ ముఠాలు జిల్లా గవర్నర్ కంటే బలంగా ఎదిగింది ఈ సొమ్ముతోనే. అవినీతి అఫ్గాన్లదే అనేవాళ్లు ఆ నివేదికలోని లెక్క ఒకసారి చూడాలి.

కాబూల్ పాలకుల తప్పు లేదని నేననను. పదవులు అమ్ముకున్నారు, సైనికుల పేర్లు కాగితం మీద పెంచి జీతాలు మింగారు. పాకిస్థాన్‌లో తాలిబన్ నాయకత్వానికి ఆశ్రయం దొరకడం కూడా పెద్ద కారణమే. కానీ సరిహద్దు అవతల ఆశ్రయం ఉన్నంత మాత్రాన సంగీన్ రైతు వాళ్లకు తలుపు తీయడు.

"కోట్లు పోశారు, జనం విశ్వాసం చూపలేదు"

హెల్మండ్‌లోని కజాకి ఆనకట్ట కథ చెబితే చాలు. 2008 సెప్టెంబరులో నాలుగు వేలకు పైగా సైనికులు, వంద పైచిలుకు వాహనాలతో, కరెంటు తీసే సుమారు 220 టన్నుల టర్బైన్‌ను ముక్కలుగా పక్క ప్రావిన్సు కాందహార్ నుంచి తాలిబన్ల ప్రాంతాల గుండా కజాకికి చేర్చారు. సైనికంగా అద్భుతమైన పని, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ దాన్ని బిగించడానికి కావలసిన వందల టన్నుల సిమెంటు తేవాలంటే రోడ్డు రోజూ తెరిచి ఉండాలి. ఒక్క కాన్వాయ్‌ని కాపాడటం వేరు, ఆ దారిని ఏడాది పొడుగునా కాపాడటం వేరు. టర్బైన్ పెట్టెల్లోనే ఏళ్ల తరబడి పడి ఉంది. 2016 దాకా తిరగలేదు. ఈలోగా పాత టర్బైన్ల కరెంటు వాడుకుంటున్న ఊళ్లలో, తమ పట్టు ఉన్నచోట బిల్లులు వసూలు చేసింది తాలిబన్లే.

2002 నుంచి 2017 దాకా ఇలా సైన్యం వెనకే వెళ్లి జిల్లాలను కుదుటపరిచే పనులకు అమెరికా సుమారు 470 కోట్ల డాలర్లు ఖర్చు చేసిందని సిగార్ 2018 నివేదిక చెబుతుంది. ఫలితం కూడా అదే చెప్పింది: విదేశీ సైనికులు ఉన్నంతకాలమే ఆ లాభాలు నిలిచాయి. కారణాల్లో ఒకటి మరీ గమనించదగ్గది. అన్నిటికంటే ప్రమాదకరమైన జిల్లాలనే ముందు ఎంచుకుని, తొందరగా ఖర్చు చూపించమని అధికారుల మీద ఒత్తిడి పెట్టారు. కాస్త ప్రశాంతంగా ఉన్న జిల్లాలో నాలుగు మంచి పనులు చేసి, అక్కడి నుంచి మెల్లగా బయటికి విస్తరించే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఇక జనం విశ్వాసం చూపలేదని నింద వేయడం అన్యాయం.

"ఆ దేశానికి పాలన అలవాటే లేదు"

ఇది అజ్ఞానం. హెల్మండ్ కాలవల్లో నీళ్ల పంపకాన్ని తరతరాలుగా చూసేది మీరాబ్ అనే నీటి పెద్ద. పొలాలున్నవాళ్లే అతన్ని ఎంచుకుంటారు, పంటలో కొంత ఇస్తారు, సరిగా చేయకపోతే మారుస్తారు. 2003లో మొదలైన జాతీయ సంఘీభావ కార్యక్రమం కింద పదేళ్లలో 30,000కు పైగా గ్రామాభివృద్ధి మండళ్లు ఏర్పడ్డాయి. ఊరివాళ్లే సభ్యుల్ని ఎన్నుకుని, వచ్చిన గ్రాంటుతో బావి కావాలో కల్వర్టు కావాలో నిర్ణయించుకున్నారు.

పాలన ఆగిపోయింది ఊరికి పైన, జిల్లా స్థాయిలో. 2004 రాజ్యాంగం 140వ అధికరణం జిల్లా మండళ్లకు ఎన్నికలు జరపాలంది. అవి 2021 దాకా ఒక్కసారి కూడా జరగలేదు. జిల్లా గవర్నరు పైనుంచి వచ్చేవాడు, పైవాళ్లకే జవాబు చెప్పేవాడు. పొలం గట్టు తగాదా కోర్టుకు తీసుకెళ్తే లంచాలు, ఏళ్ల తరబడి వాయిదాలు. తాలిబన్ న్యాయాధికారి మోటారు సైకిల్ మీద ఊరికే వచ్చి కొద్ది రోజుల్లో తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు వెనక తుపాకీ భయం ఉంది, ఆడవాళ్లకు అక్కడ న్యాయం దొరకడం కష్టం, ఎదురు తిరిగినవాణ్ని చంపేవారు కూడా. ఇవన్నీ తెలిసే జనం వెళ్లారు. అంటే వాళ్లకు పాలన వద్దని కాదు, ఏదో ఒక పాలన తప్పనిసరిగా కావాలని.

పని చేయగల మనుషులు ప్రభుత్వంలో లేరా? ఉన్నారు. కాందహార్ ఉప మేయర్ అజీజుల్లా యార్మల్‌ను 2010 ఏప్రిల్‌లో మసీదులో నమాజు చేస్తుండగా కాల్చి చంపారు. మేయర్ గులాం హైదర్ హమీదీని 2011 జూలైలో ఆత్మాహుతి దాడిలో చంపారు. ఒక్కో ఊళ్లో వందల సైనికులున్న రోజుల్లోనే, ప్రభుత్వాన్ని నిజంగా నడపగలిగినవాళ్లకు ఈ గతి పట్టింది.

"ఇంకో ఐదేళ్లు ఉంటే చాలు"

ఉన్నది ఇరవై ఏళ్లు. బ్రిటిష్ బ్రిగేడ్లు ఆరు నెలలకోసారి మారిపోయేవి, కొత్త కమాండర్ కొత్త ప్రణాళికతో వచ్చేవాడు. 2010, 2011ల్లో దాదాపు లక్షమంది అమెరికన్ సైనికులున్నప్పుడు జిల్లా పాలన నిలబడలేదు. అంతకంటే తక్కువమందితో ఇంకో ఐదేళ్లలో ఎలా నిలబడేదో ఈ వాదన చేసేవాళ్లు ఎవరూ చెప్పరు.

"అఫ్గాన్ సైన్యం తూటా పేల్చలేదు"

2014 సెప్టెంబరులో తాను అధ్యక్షుడైనప్పటి నుంచి 45,000 మందికి పైగా అఫ్గాన్ భద్రతా సిబ్బంది చనిపోయారని 2019 జనవరిలో అష్రఫ్ ఘనీ చెప్పారు. అదే కాలంలో చనిపోయిన విదేశీ సైనికులు 72 మంది లోపే. పోరాడనివాళ్లు ఇంతమంది చావరు. 2021 ఆగస్టులో కొన్ని జిల్లాలు, రాజధానులు నిజంగానే పోరాటం లేకుండా లొంగిపోయాయి. కానీ లష్కర్ గాలో వీధి వీధినా రెండు వారాల దాకా పోరాటం జరిగి, 13న పట్టణం పడిపోయింది. అప్పటికి ఆ సైనికుల్లో చాలామందికి నెలల జీతం అందలేదు. విమానాలకు మరమ్మతులు చేసే విదేశీ కాంట్రాక్టర్లు వెళ్లిపోయారు. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా తాలిబన్లతో సంతకం చేసిన ఒప్పందంలో అఫ్గాన్ ప్రభుత్వానికి కుర్చీయే లేదు. ఆ ఒప్పందం ప్రకారం 5,000 మంది తాలిబన్ ఖైదీలను మాత్రం ఆ ప్రభుత్వమే విడిచిపెట్టాల్సి వచ్చింది. ఏ చెక్‌పోస్టులోని సిపాయి అయినా దీన్ని చూసి ఏం అర్థం చేసుకుంటాడు? ఊరి పెద్దలు వచ్చి ఆయుధాలు దించి ఇంటికి వెళ్లిపో, నీ ప్రాణానికి మేం పూచీ అన్నప్పుడు, అతని వెనక నిలబడి వద్దని చెప్పడానికి జిల్లాలో ప్రభుత్వమన్న మనిషి ఒక్కడూ లేడు.